అమ్మ జేబులోని పెన్ టార్చి

"చేతులు కడుక్కున్నావా?" అంది అమ్మ, తల ఎత్తకుండానే.

సంయుక్త భుజం మీంచి స్కూల్ బ్యాగు ఇంకా దింపనే లేదు. "ఇప్పుడే కదమ్మా వచ్చింది!"

"అందుకే అడుగుతున్నా. ఆటోలో పడి వచ్చావు. ముందు చేతులు, తర్వాత కబుర్లు."

ఒంటిపూట బడులు మొదలయ్యాక సంయుక్తకి మధ్యాహ్నాలన్నీ ఆసుపత్రిలోనే గడుస్తున్నాయి. అయ్యో పాపం అనకండి. ఆ పిల్లకి ఏ జబ్బూ లేదు, గుండ్రాయిలా ఉంది. వాళ్ళమ్మ నాగవల్లి పటమటలోని ఒక ఆసుపత్రిలో నర్సు. పిల్లల వార్డులో డ్యూటీ. బడి పన్నెండున్నరకి వదిలేస్తారు, అమ్మ డ్యూటీ రెండింటికి అయిపోతుంది. ఇల్లేమో ఊరికి ఆ చివర, భవానీపురంలో. అందుకని స్కూల్ ఆటో సంయుక్తని ఆసుపత్రి గేటు దగ్గర దింపేస్తుంది. రెండయ్యేదాకా నర్సుల కౌంటర్ వెనక స్టూల్ మీద కూర్చుని హోమ్‌వర్క్ చేసుకోవాలి. గట్టిగా మాట్లాడకూడదు. పరిగెత్తకూడదు. దేన్నీ ముట్టుకోకూడదు.

అయిదో తరగతి పిల్ల ఇవన్నీ పాటించాలంటే మాటలా? అయినా పాటిస్తోంది. ఎందుకంటే అక్కడ కూర్చుంటే అమ్మ కనిపిస్తుంది.

ఇంట్లో అమ్మ వేరు. ఇంట్లో అమ్మ కళ్ళజోడు తల మీదే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతుంది. ఇక్కడ అమ్మ ఏదీ మర్చిపోదు. నీలం చొక్కా జేబులోకి చెయ్యి పెడుతుంది, చూడనైనా చూడదు, కావలసింది చేతిలోకి వచ్చేస్తుంది. కత్తెర కావాలంటే కత్తెర. ప్లాస్టర్ చుట్ట కావాలంటే చుట్ట.

ఆ జేబంటే మొదట్లో సంయుక్తకి నవ్వు. "అమ్మా, నీ జేబు కృపానందం గారి కొట్టులా ఉంది" అనేది. కృపానందం గారిది వాళ్ళ వీధి చివర కిరాణా కొట్టు. సూది మొదలు బక్కెట్ దాకా అన్నీ అందులోనే ఉంటాయి.

ఇప్పుడు నవ్వడం లేదు. మొన్న ఒక బుడ్డోడు సెలైన్ సూది పీకేయబోతూ ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చాడు. అమ్మ ఒక చేత్తో వాడి చెయ్యి పట్టుకుంది. ప్లాస్టర్ ముక్కలు ముందే కత్తిరించి ట్రే అంచుకి అంటించి ఉంచుకుంది. ఒక్కొక్కటీ తీసి టకటకా అతికించేసింది. వాడు రెండోసారి నోరు తెరిచేలోపు పని అయిపోయింది. ఇంకోసారి అమ్మ ఒక పసిపాప ఊపిరి లెక్కపెట్టింది. అమ్మ గడియారం చేతికి ఉండదు, జేబు పైన పిన్నుతో తలకిందులుగా వేలాడుతుంది. వంగి చూస్తే సెకన్ల ముల్లు తనకి నిటారుగా కనిపిస్తుంది. ఒక కన్ను ముల్లు మీద, ఒక కన్ను పాప పొట్ట మీద. ఆ నిమిషంలో సంయుక్త "అమ్మా" అంటే ఒక్క వేలు పైకి లేచింది, అంతే. మళ్ళీ పిలిస్తే ఒట్టు.

ఆ జేబులో ఒక పెన్ టార్చి కూడా ఉంది. అసలు కథ దానిదే.

మీ ఇంట్లో టీవీ రిమోట్ పనిచేయకపోతే ఏం చేస్తారు? చెప్పకండి, నాకు తెలుసు. ముందు దాని వీపు మీద రెండు బాదుతారు. తర్వాత బ్యాటరీలు తీసి అటుదిటు, ఇటుదటు వేస్తారు. సంయుక్త వాళ్ళ నాన్న వేదవ్యాస్ గారైతే వాటిని పళ్ళతో కొరుకుతారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం, ఊరంతటికీ కరెంటిచ్చే మనిషి. ఇంట్లో బ్యాటరీ కొరుకుతారు! ఛీ, నోట్లో పెట్టుకుంటారా ఎవరైనా అని అమ్మ ఎన్నిసార్లు తిట్టిందో.

నిన్న సాయంత్రం అదే జరిగింది. బాదినా, తిప్పినా, రిమోట్ పలకలేదు. సంయుక్త ప్రోగ్రామ్ ఇంకో అయిదు నిమిషాల్లో ఉంది. అమ్మ వంటింట్లో ఉంది. పెన్ టార్చి ఉన్న హ్యాండ్‌బ్యాగు కుర్చీలో ఉంది. పెన్ టార్చిలో ఉండేవి కూడా అవే సన్న బ్యాటరీలు, సరిగ్గా రెండు.

సంయుక్త అవి తీసి రిమోట్‌లో వేసింది. రిమోట్‌లోవి టార్చిలో వేసింది. నొక్కి చూసింది. వెలిగింది! కాస్త పసుప్పచ్చగా వెలిగింది, అయినా వెలిగింది కదా. టార్చిని ఉన్నచోటే పెట్టేసి, తన తెలివికి తనే మురిసిపోతూ టీవీ చూసింది. పొద్దున అమ్మ డ్యూటీకి వెళ్తూ టార్చిని అరచేతిలో వేసి చూసుకుంది. అలసిపోయిన బ్యాటరీలు రాత్రంతా సేద తీరాయేమో, అప్పుడూ వెలిగింది. అమ్మ దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు టైము ఒంటిగంట.

"బాబీని చూసి వస్తా" అంది అమ్మ, ఒక కాగితం పట్టుకుని.

"నేనూ రానా అమ్మా? తలుపు దగ్గరే నిలబడతా."

బాబీ వాళ్ళది బందరు. ఆరేళ్ళవాడు. మొన్న డాబా మెట్ల మీంచి జారి పడ్డాడు, తలకి దెబ్బ తగిలింది. నిన్న మధ్యాహ్నం మంచం మీంచే సంయుక్తకి పరీక్ష పెట్టాడు. "నీకు పీతని ఎటువైపు పట్టుకోవాలో తెలుసా?" అన్నాడు. తెలియదంటే, ఇంత పెద్దదానివి అదీ తెలీదా అన్నట్టు చూశాడు. వాళ్ళమ్మకి ఇంట్లో నెలల పిల్ల ఉంది. అందుకని నాయనమ్మ సన్యాసమ్మ తోడు ఉంది. వాళ్ళ నాన్న నాగబాబు చేపల వ్యాపారం చూసుకుంటూ బందరుకీ బెజవాడకీ తిరుగుతున్నాడు.

గంటకోసారి అమ్మ బాబీ కళ్ళల్లోకి టార్చి వేసి చూస్తుంది. ఎందుకని నిన్న సంయుక్త అడిగింది. "వెలుగు పడగానే కంటిపాప చిన్నదవ్వాలి" అంది అమ్మ. "రెండు కళ్ళల్లోనూ అవ్వాలి. అవ్వలేదంటే తల లోపల ఏదో తేడా ఉందన్నమాట. మనం పుర్రె తెరిచి చూడలేం కదా. కళ్ళే చెప్పాలి."

గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. బాబీ అన్నం తిని మగతగా పడుకుని ఉన్నాడు. సన్యాసమ్మ వాడి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది.

"బాబీ, ఒక్కసారి కళ్ళు తెరు నాన్నా."

బాబీ విసుగ్గా తెరిచాడు. అమ్మ చెయ్యి జేబులోకి వెళ్ళింది. టార్చి బయటికి వచ్చింది. టిక్.

వెలుగు లేదు. ఉందంటే ఉంది, ఆరిపోబోయే అగరొత్తి కొసలా ఉంది. అమ్మ దాన్ని బాబీ కంటి మీదికి తెచ్చింది. కంటిపాప కదల్లేదు. రెండో కన్ను చూసింది. అదీ కదల్లేదు. మళ్ళీ నొక్కింది. ఈసారి ఇంకా మసకబారింది.

సంయుక్తకి రిమోట్‌లోని బ్యాటరీలు గుర్తొచ్చాయి. తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

అమ్మ నుదురు ముడిపడింది. అది సన్యాసమ్మ చూడనే చూసింది.

"ఏంటి సిస్టరమ్మా? ఏమైంది?"

"ఏం లేదు మామ్మగారూ. టార్చిలో వెలుగు చాలడం లేదు. ఒక్క నిమిషం."

"వెలుగు కాదు. నీ మొహం మారింది, నేను చూశా. నా బిడ్డకేదో అయ్యింది. చెప్పు తల్లీ!"

ఫోన్ లైటు వేయొచ్చుగా అని మీకు అనిపించవచ్చు. ఆ లైటు మొహమంతా పడుతుంది. ఇది ఒక్కో కంటికీ విడిగా, సన్నగా పడాలి. పైగా డ్యూటీలో ఉన్న నర్సుల ఫోన్లు లాకర్‌లో ఉంటాయి. పొద్దుటి నుంచీ అమ్మ బాబీ కళ్ళు చూసిన వార్డు టార్చి, స్కానింగ్‌కి వెళ్ళిన పేషెంటుతో కింది అంతస్తుకి వెళ్ళింది.

అమ్మ బాబీ పక్క నుంచి కదల్లేదు. గొంతు కూడా పెంచలేదు. "సంయూ, పక్క వార్డులో సింధూరి అక్క ఉంటుంది. నేను టార్చి అడిగానని చెప్పి తీసుకురా. పరిగెత్తకు. గబగబా నడువు."

సంయుక్త నడిచింది. అంత పొడుగాటి కారిడార్ అదివరకు ఎప్పుడూ చూడలేదు. నేనే. నేనే మార్చాను. బాబీకి ఏమైనా అయితే? ఒక్కో అడుక్కీ అదే మాట. సింధూరి ఎవరికో ఇంజక్షన్ చేస్తోంది. అది పూర్తయ్యేదాకా ఆగాలి. చివరికి సింధూరి ఒక్క మాట కూడా అడగకుండా తన టార్చి తీసి ఇచ్చింది.

తిరిగి వచ్చేసరికి అమ్మ బాబీ మీదికి వంగి ఉంది. "నా వేళ్ళు గట్టిగా నొక్కు. ఇంకా గట్టిగా. అబ్బో! మీ ఊరేది చెప్పు?"

"బందరు" అన్నాడు బాబీ, నిద్రమత్తులో.

సన్యాసమ్మ గుమ్మం పక్కన ఫోన్‌లో ఏడుస్తోంది. "ఒరే నాగబాబూ, ఎక్కడున్నావురా? నాకు భయమేస్తందిరా. తొందరగా రారా..."

అమ్మ టార్చి అందుకుంది. టిక్. తెల్లటి సన్నటి వెలుగు.

సంయుక్త తొంగి చూసింది. వెలుగు పడగానే బాబీ కంట్లో నల్లటి చుక్క చటుక్కున చిన్నదైపోయింది. లైటు పక్కకి జరగ్గానే మెల్లగా మళ్ళీ పెద్దదైంది. రెండో కన్నూ అంతే. ఎవరూ చెప్పలేదు. బాబీకి కూడా తెలియదు. లోపల ఎక్కడో కూర్చున్నదేదో వెలుగుని చూసి, నేను బాగానే ఉన్నాను అని జవాబిచ్చింది. మనిషి కంట్లో ఇంత వింత ఉందా! వేలెడంత టార్చితో అమ్మ రోజూ దీన్నా చూస్తోంది!

"రెండూ చక్కగా ఉన్నాయి మామ్మగారూ" అంది అమ్మ. డ్యూటీ డాక్టర్‌ని కూడా పిలిపించింది. ఆయన వచ్చి చూసి అదే మాట చెప్పి వెళ్ళాడు.

సన్యాసమ్మ నమ్మలేదు. "మీరు మంచోళ్ళు కాబట్టి అలా చెబుతున్నారు. మా ఆయనప్పుడూ ఏం లేదు, ఏం లేదు అనే అన్నారు. తెల్లారేసరికి మనిషి లేడు." కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది.

కౌంటర్ దగ్గరికి వచ్చి అమ్మ పెన్ను తీసింది. బాబీ కాగితంలో రాయడం మొదలుపెట్టింది. సంయుక్త మెడ చాచి చూసింది. ఒంటిగంటకి టార్చి వెలుగు చాలక కళ్ళు చూడటం కుదరలేదనీ, ఒకటీ ఆరుకి వేరే టార్చితో చూస్తే రెండూ బాగున్నాయనీ రాసింది.

"అమ్మా, ఆ మొదటిది రాయకపోతే ఏం? ఇప్పుడు బాగానే ఉన్నాయిగా."

"ఆరు నిమిషాలు ఆలస్యమైంది కదా. అదీ రాయాలి."

"నిన్ను తిట్టరూ?"

"తిడితే తిడతారు." అమ్మ ఇంకో మాట రాయబోయి తప్పు రాసింది. దాన్ని గజిబిజిగా కొట్టేయలేదు. మీద సన్నగా ఒక్క గీత గీసి, పక్కన సంతకం పెట్టింది. కింద ఏం రాసిందో ఇంకా కనిపిస్తూనే ఉంది.

"వైట్‌నర్ పెట్టొచ్చుగా అమ్మా?"

"ఇక్కడ వైట్‌నర్ పెట్టకూడదు. ఏం రాశామో, ఎక్కడ తప్పామో, రేపు చూసేవాళ్ళకి కనిపించాలి." తర్వాత అమ్మ, వార్డులో జరిగే పొరపాట్లు రాసే ఇంకో పుస్తకం తెరిచింది. అందులో కూడా జరిగింది రాసింది. డ్యూటీకి ముందు టార్చిని సరిగ్గా చూసుకోలేదని రాసి, కింద తన పేరు పెట్టింది. నాగవల్లి. గుండ్రటి అక్షరాలు.

సంయుక్త ఆ పేరు వైపే చూస్తూ ఉండిపోయింది. అమ్మ తప్పు కానిదాని కింద అమ్మ పేరు.

"వారం కూడా కాలేదే ఆ బ్యాటరీలు కొని" అంది అమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు. "సాయంత్రం కృపానందం గారిని అడగాలి. పాత సరుకు అంటగట్టాడేమో."

"అమ్మా." సంయుక్త స్టూల్ అంచు పట్టుకుంది. "ఆయన పాతవి ఇవ్వలేదు. నేనే మార్చేశా. నిన్న రిమోట్ పని చేయలేదు. నీవి తీసి అందులో వేశా. అందులోవి నీ టార్చిలో పెట్టా. నొక్కితే వెలిగింది. వెలిగింది కదా అనుకున్నా."

అమ్మ పెన్ను మూత పెట్టింది. పుస్తకం మూసింది.

"నేను కూడా పొద్దున అరచేతిలో వేసి చూశా" అంది. "వెలిగింది కదా అనుకున్నా. కంట్లో వేసి చూడటానికి సరిపోతుందా అని చూసుకోలేదు. అది నా తప్పు. అందుకే నా పేరు రాశాను. కానీ సంయూ, నాకు చాలా కోపంగా ఉంది. అడిగితే నేనే ఇంకో రెండు బ్యాటరీలు ఇచ్చేదాన్ని కదా?"

సంయుక్త తల ఊపింది. కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

ఏదో గదిలో బెల్ మోగింది. అమ్మ లేచింది. సంయుక్త తల మీద ఒక్క క్షణం చెయ్యి వేసి వెళ్ళిపోయింది. అంత కోపంలోనూ పరిగెత్తలేదు, గబగబా నడిచింది.

సంయుక్త స్టూల్ మీద ఒక్కతే మిగిలింది. కారిడార్ చివర స్టీలు కుర్చీలో సన్యాసమ్మ కనిపిస్తోంది. ఒళ్ళో ఫోన్, పక్కన విప్పని అన్నం పొట్లం. ఎదురు గోడకేసి చూస్తూ ఊగుతోంది.

ఆవిడకి బాబీ బాగున్నాడని తెలియదు. ఎవరు చెప్పినా ఓదార్పు మాటే అనుకుంటోంది. టార్చి ఎందుకు వెలగలేదో సంయుక్తకి ఒక్కదానికే మొదటి నుంచీ తెలుసు. ఆవిడకి చెప్పమని అమ్మ అనలేదు. చెప్పకపోతే అడిగేవాళ్ళూ లేరు. పైగా ఆవిడ కొడుతుందేమో. ఆసుపత్రి అంతా వినపడేలా అరుస్తుందేమో. ఏం అనుకున్నా ఆ ఊగడం ఆగడం లేదు.

సంయుక్త స్టూల్ దిగింది. వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది.

"మామ్మగారూ, మీకో మాట చెప్పాలి. టార్చిలో పాడైన బ్యాటరీలు పెట్టింది నేనే. మా అమ్మ టార్చిలోవి తీసుకుని, మా రిమోట్‌లో ఉన్న పాతవి పెట్టేశాను. అందుకే వెలుగు రాలేదు. వెలుగు లేక బాబీ కళ్ళు కదల్లేదు. మంచి టార్చి వేస్తే చక్కగా కదిలాయి. నేను చూశాను, ఒట్టు."

సన్యాసమ్మ ఊగడం ఆపింది. "ఏంటీ? మళ్ళీ చెప్పు."

సంయుక్త మళ్ళీ చెప్పింది.

"అంటే... తేడా లైటులో ఉందా? బిడ్డలో కాదా?"

"బిడ్డలో కాదు మామ్మగారూ. నేను చేసిందే."

"ఓసి నీ దుంప తెగ!" సన్యాసమ్మ లేచి నిలబడింది. "నా ప్రాణాలు తోడేశావు కదే! బస్సులో నా కొడుకు ఎంతలా ఏడుస్తన్నాడో తెలుసా నీకు?" చెయ్యి పైకి లేచింది. సంయుక్త కళ్ళు గట్టిగా మూసుకుంది.

దెబ్బ పడలేదు. చేపల వాసన వేసే ఆ పెద్ద చెయ్యి వచ్చి సంయుక్త తలని పొట్టకేసి అదుముకుంది. "నా బిడ్డ బాగున్నాడు" అంది సన్యాసమ్మ. ఏడుస్తూనే అంది. ఈసారి ఆ ఏడుపు వేరే ఏడుపని సంయుక్తకి కూడా తెలిసింది.

ఒళ్ళోంచి జారిన ఫోన్ కుర్చీలో మోగింది. సన్యాసమ్మ తీసి చూసింది. "నాగబాబు. ఉయ్యూరు దాటుంటాడు." ఎత్తబోయి ఆగింది. ఫోన్ సంయుక్త చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు. నేను చెబితే, అమ్మ నన్ను ఓదారుస్తందిలే అనుకుంటాడు."

సంయుక్తకి ఆయన మొహం కూడా తెలియదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. బస్సు హారన్, గాలి హోరు, వాటి మధ్యలో వణుకుతున్న ఒక పెద్దమనిషి గొంతు.

"అమ్మా! చెప్పమ్మా, బాబీ ఎలా ఉన్నాడు?"

"అంకుల్, నేను సంయుక్తని. నర్సుగారి అమ్మాయిని. బాబీ బాగున్నాడండీ. టార్చిలో పాడైన బ్యాటరీలు పెట్టింది నేనే. అందుకే మామ్మగారు భయపడ్డారు. మంచి టార్చితో చూస్తే రెండు కళ్ళూ బాగున్నాయి. తప్పు నాదండీ."

అవతల బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది.

"మళ్ళీ చెప్పమ్మా" అన్నాడు నాగబాబు.

సంయుక్త రిమోట్ దగ్గర మొదలుపెట్టి, ఒక్క ముక్క కూడా వదలకుండా మొత్తం మళ్ళీ చెప్పింది.